ఆయన తరువాత ఆమెకు ఎంత? ఎల్‌ఐసీ జీవన్ అక్షయ్-7 జాయింట్ లైఫ్ పెన్షన్‌పై సమీక్ష

ప్రైవేటు ఉద్యోగం నుంచి రిటైరైన దంపతులు ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ సొమ్మును పెన్షన్‌గా మార్చుకుందామని వెళ్లినప్పుడు సాధారణంగా మొదట అడిగేది నెలకు ఎంత వస్తుందని. అది అడగవలసిన ప్రశ్నే. కాని దానికంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది: ఇద్దరిలో ఒకరు పోయిన తరువాత మిగిలినవారికి ఎంత వస్తుంది, ఎంతకాలం వస్తుంది? మన దేశంలో అలా మిగిలేది ఎక్కువ ఇళ్లలో భార్యే. అందుకే జీవన్ అక్షయ్-7 పెన్షన్ పథకాన్ని నేను భార్య స్థానంలో నిలబడి పరిశీలించాను. మా వారు, నేను కలిసి ఇందులోని ఆప్షన్ జె తీసుకున్నాం: ఇద్దరిలో ఎవరు మిగిలినా పూర్తి పెన్షన్, ఇద్దరి తరువాత పెట్టిన సొమ్ము నామినీకి. పది ఆప్షన్లలో దానినే ఎందుకు ఎంచుకున్నామో, అందులో నాకు నచ్చనిది ఏమిటో ఇక్కడ వివరిస్తాను.

2020 ఆగస్టులో మొదలైన ఈ పథకం ఇమ్మీడియట్ యాన్యుటీ తరగతికి చెందినది, అంటే సొమ్ము కట్టిన వెంటనే మొదలై జీవితాంతం వచ్చే పెన్షన్. మొత్తం సొమ్మును ఒకేసారి చెల్లించాలి. దానిని కొనుగోలు ధర అంటారు. కనీసం లక్ష రూపాయలు పెట్టాలి, గరిష్ఠ పరిమితి లేదు. పెన్షన్ వెంటనే మొదలవుతుంది. నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి ఒకసారి చొప్పున ఎలా కావాలంటే అలా తీసుకోవచ్చు. చేరిన రోజున ఖాయమైన రేటు జీవితాంతం మారదు. బయట వడ్డీ రేట్లు పడిపోయినా మనకు వచ్చే మొత్తం తగ్గదు. 1956 నాటి ఎల్‌ఐసీ చట్టంలోని 37వ సెక్షన్ ప్రకారం సంస్థ పాలసీలకు కేంద్ర ప్రభుత్వ హామీ కూడా ఉంది. పాతికేళ్లో ముప్పై ఏళ్లో సాగవలసిన ఒప్పందానికి ఈ భద్రత చాలా విలువైనదని నా అభిప్రాయం.

ఆప్షన్ల సంగతికి వెళ్లేముందు ఆయుర్దాయం లెక్కలు కొంత చూడాలి, ఎందుకంటే ఈ పథకంలో మనం కొనేది నిజానికి కాలాన్ని. జనన మరణాలపై ప్రభుత్వం జరిపే నమూనా సర్వే అయిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ లెక్కల ప్రకారం 2016-20 కాలానికి మన దేశంలో పుట్టిననాటి సగటు ఆయుర్దాయం పురుషులకు 68.6 ఏళ్లు, స్త్రీలకు 71.4 ఏళ్లు. కేరళలో ఈ తేడా ఇంకా ఎక్కువ. 2014-18 లెక్కల్లో అక్కడ పురుషులకు 72.5, స్త్రీలకు 77.9. స్త్రీలు ఎక్కువకాలం బతకడం మన దేశంలో ఎప్పుడూ ఉన్నది కాదు. 1970-75లో పురుషుల ఆయుర్దాయం 50.5 ఏళ్లు ఉండగా స్త్రీలది 49 ఏళ్లు మాత్రమే. కాన్పుల్లో తల్లులు చనిపోవడం, ఆడపిల్లల తిండికి, వైద్యానికి ఇంట్లో చివరి వంతు దక్కడం స్త్రీల ఆయువును తగ్గించేవి. 1981-85 నాటికి స్త్రీలు స్వల్పంగా ముందుకు వచ్చారు, ఆ తరువాత తేడా పెరుగుతూ వచ్చింది. 1997-98లో లక్ష సజీవ జననాలకు 398గా ఉన్న ప్రసూతి మరణాలు 2018-20 నాటికి 97కు దిగాయి. అదే కాలానికి ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43. మా అమ్మమ్మల తరంలో కాన్పు గండం దాటడమే గొప్పగా ఉండేది. ఆ తరం అనుభవం నుంచి వచ్చిన ఆలోచనలతోనే ఈ తరం డబ్బు నిర్ణయాలు తీసుకోవడం సరికాదు.

ఈ అంకెలను చాలామంది పొరపాటుగా చదువుతారు. స్త్రీల సగటు ఆయుర్దాయం 71 ఏళ్లంటే అరవై ఏళ్ల స్త్రీ ఇంకో పదకొండేళ్లు బతుకుతుందని అర్థం కాదు. ఆ సగటులో పసితనంలో, యవ్వనంలో, నడి వయసులో పోయినవారందరూ కలిసి ఉంటారు. అరవై దాకా వచ్చినవారు ఆ గండాలన్నీ దాటినవారు కాబట్టి, వారికి అక్కడినుంచి సగటున మరో 18 ఏళ్ల వరకు జీవితం ఉంటుంది. అందులోనూ స్త్రీలకు పురుషులకంటే ఒకటి రెండేళ్లు ఎక్కువ. ఇది సగటు మాత్రమే కనుక దాదాపు సగం మంది దానిని దాటి బతుకుతారు. దీనికి మన పెళ్లిళ్లలోని వయసు తేడాను కలపాలి. భర్తకు అరవై, భార్యకు యాభై అయిదు ఉన్న ఇంట్లో ఆ అయిదేళ్లు, స్త్రీకి సహజంగా ఉన్న ఆధిక్యం కలిస్తే, సగటు మీదే భార్య ఒంటరిగా గడపవలసిన కాలం ఆరేడేళ్లు అవుతుంది. చాలా ఇళ్లలో అది పది, పదిహేను ఏళ్లు కూడా. 2011 జనాభా లెక్కల్లో భర్తను కోల్పోయిన స్త్రీలు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు. భార్యను కోల్పోయి ఒంటరిగా ఉన్న పురుషులు అందులో మూడో వంతు కూడా లేరు. పురుషులు మళ్లీ పెళ్లి చేసుకోవడం ఇందుకు ఒక కారణమైతే, వయసు తేడా, ఆయుర్దాయంలో తేడా మిగతా కారణాలు.

పురుషులు ముందుగా పోవడానికి శరీర ధర్మం కొంతవరకు కారణం. ముట్లు ఆగే వయసు దాకా ఈస్ట్రోజెన్ స్త్రీ గుండెకు, రక్తనాళాలకు కొంత రక్షణ ఇస్తుంది. రెండు ఎక్స్ క్రోమోజోములు ఉండటం వల్ల ఒకదానిలోని లోపాన్ని రెండవది పూరించే వీలుంటుంది. మిగతాది జీవన విధానం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో 38 శాతం పొగాకు వాడుతుండగా స్త్రీలలో అది 9 శాతం. తెలంగాణలో మద్యం తాగే పురుషులు 43.3 శాతం, స్త్రీలు 6.7 శాతం. రోడ్డు ప్రమాదాల్లో చనిపోయేవారిలో నూటికి 85కు పైగా పురుషులే. వీటిలో చాలా వాటిని తగ్గించవచ్చు, తగ్గించాలి కూడా. అయితే పెన్షన్ పత్రం మీద సంతకం చేసే రోజున మన ఎదుట ఉన్న వాస్తవాన్ని బట్టే నిర్ణయం తీసుకోవాలి.

ఈ దృష్టితో చూస్తే పది ఆప్షన్లూ సమానం కావు. ఆప్షన్ ఎ ఒక్కరి పేరున జీవితాంతం పెన్షన్ ఇస్తుంది. ఆ వ్యక్తి పోయిన రోజుతో అంతా ముగుస్తుంది, పెట్టిన సొమ్ము కూడా తిరిగి రాదు. నెలవారీ అంకె అన్నింటికంటే పెద్దగా కనిపించేది ఇందులోనే, అందుకే చాలామంది దీనివైపు మొగ్గుతారు. భర్త ఒక్కడి పేరున దీనిని తీసుకోవడం అంటే ఇద్దరిలో తక్కువ కాలం ఉండే అవకాశం ఉన్న ప్రాణానికి మొత్తం కుటుంబ ఆదాయాన్ని ముడిపెట్టడం. వేరే ఆదాయం లేని భార్య ఉన్న ఏ ఇంటికీ దీనిని నేను సిఫారసు చేయలేను. బి నుంచి ఇ వరకు ఉన్నవి వరుసగా 5, 10, 15, 20 ఏళ్ల హామీ ఉన్నవి. ఆ గడువులోపు పెన్షన్‌దారు పోతే మిగిలిన కాలానికి నామినీకి అందుతుంది. ఇరవై ఏళ్ల హామీ పెద్దదిగానే వినిపిస్తుంది. కాని యాభై అయిదేళ్ల భార్యకు అది డెబ్బయి అయిదుతో ముగుస్తుంది. స్త్రీకి ఖర్చులు ఎక్కువయ్యేది, సంపాదించే దారి పూర్తిగా మూసుకుపోయేది ఆ తరువాతనే.

ఆప్షన్ ఎఫ్‌లో పెన్షన్‌దారు పోయాక కొనుగోలు ధర నామినీకి వస్తుంది. భార్య నామినీగా ఉంటే ఆమెకు పెద్ద మొత్తం ఒకేసారి చేతికొస్తుంది కదా, అది చాలదా అని అడిగేవారున్నారు. ఆ సొమ్మును ఆమె ఆ వయసులో, ఆ దుఃఖంలో, అప్పటి వడ్డీ రేట్లకు మళ్లీ ఎక్కడో పెట్టుకోవాలి. పిల్లల అవసరాలు, బంధువుల సలహాలు కూడా అప్పుడే చుట్టుముడతాయి. పెద్ద మొత్తం కరిగిపోయినంత సులభంగా నెలనెలా వచ్చే పెన్షన్ కరిగిపోదు.

జాయింట్ లైఫ్ ఆప్షన్లు మూడు. హెచ్‌లో మొదటి వ్యక్తి పోతే రెండవవారికి సగం పెన్షన్ వస్తుంది. ఐలో ఇద్దరిలో ఎవరు మిగిలినా చివరివరకు పూర్తి పెన్షన్ వస్తుంది, కాని తరువాత సొమ్ము తిరిగి రాదు. జెలో చివరివరకు పూర్తి పెన్షన్, ఇద్దరి తరువాత కొనుగోలు ధర నామినీకి. హెచ్ మీద నా అభ్యంతరం గట్టిది. ఇద్దరున్న ఇల్లు ఒక్కరికి మిగిలినంత మాత్రాన ఖర్చు సగం కాదు: ఇంటి అద్దె, కరెంటు బిల్లు, ఆస్తి పన్ను, గ్యాస్, పనిమనిషి జీతం దాదాపు అలాగే ఉంటాయి. పైగా భర్త చివరి రోజుల్లో అతనికి సేవ చేసేది భార్య. ఆమె మంచాన పడ్డప్పుడు ఆ సేవకు మనిషిని పెట్టుకోవాలి. స్త్రీలు ఎక్కువకాలం బతుకుతారన్నది ఎంత నిజమో, ఆ అదనపు ఏళ్లలో మోకాళ్ల నొప్పులు, ఎముకలు గుల్లబారడం వంటి వాటితో ఎక్కువగా బాధపడతారన్నదీ అంతే నిజం. ఆ దశలో ఆదాయాన్ని సగానికి తగ్గించే ఏర్పాటును ఇంట్లో ఇద్దరూ కూర్చుని, లెక్క వేసుకుని, ఇష్టపూర్వకంగా ఎంచుకున్నారంటే నమ్మడం కష్టం. మొదట్లో వచ్చే కొద్ది ఎక్కువ మొత్తాన్ని చూసే చాలామంది అటు వెళతారు.

మేము జె వైపు మొగ్గడానికి మరో కారణం, ఈ పథకంలో రెండవ ప్రాణాన్ని చేర్చుకోవడానికి అయ్యే ఖర్చు. సొమ్ము తిరిగి వచ్చే ఆప్షన్లలో మనకు అందేది ప్రధానంగా ఆ సొమ్ము మీది రాబడే. అసలు అలాగే ఉంటుంది. అందువల్ల ఒక ప్రాణం బదులు రెండు ప్రాణాలకు ఇచ్చినా సంస్థకు భారం పెద్దగా పెరగదు, ఎఫ్‌కు జెకు మధ్య నెలవారీ తేడా చాలా స్వల్పంగా ఉంటుంది. ఎ, ఐల సంగతి వేరు. అక్కడ అసలు కూడా పెన్షన్‌లో భాగంగా ఖర్చవుతుంది కనుక, చెల్లింపు ఎక్కువ ఏళ్లు సాగే కొద్దీ నెలవారీ మొత్తం చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఎఫ్ తీసుకోవాలని నిశ్చయించుకున్న దంపతులు జె రేటు కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఆ చిన్న తేడాకు భార్య జీవితాంతపు ఆదాయం వస్తుంటే దానిని వదులుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించలేదు. పిల్లలకు ఏమీ మిగల్చనవసరం లేదనుకునే దంపతులకు మాత్రం ఐ మెరుగైనది, ఎందుకంటే బతికి ఉండగా చేతికి వచ్చే మొత్తం అందులో ఎక్కువ.

స్త్రీల పక్షాన చెప్పవలసిన మరో మంచి విషయం ఉంది. ఈ పథకంలో యాన్యుటీ రేటు వయసును బట్టి, పెట్టిన సొమ్మును బట్టి, చెల్లింపు పద్ధతిని బట్టి మారుతుంది కాని స్త్రీకి ఒకటి, పురుషుడికి ఒకటి అని లేదు. ఎక్కువకాలం బతికే స్త్రీకి అదే రేటు ఇవ్వడం వల్ల, ఒకే వయసులో అదే సొమ్ము పెట్టిన పురుషుడికంటే సగటున ఆమెకు మొత్తంగా ఎక్కువ అందుతుంది. యూరప్‌లో ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఎక్కువకాలం ఇవ్వవలసి వస్తుందని స్త్రీలకు నెలవారీ మొత్తం తగ్గించేవారు. 2011 మార్చి 1న ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తరువాత, 2012 డిసెంబరు 21 నుంచి అక్కడ కొత్త పాలసీలలో ఆ భేదం తొలగింది. మన దగ్గర టర్మ్ బీమాలో, అంటే గడువులోపు చనిపోతేనే కుటుంబానికి సొమ్ము వచ్చే బీమాలో మాత్రం స్త్రీ, పురుష భేదం పాటిస్తారు. స్త్రీల మరణాల రేటు తక్కువ కాబట్టి ఎల్‌ఐసీ టర్మ్ పథకాల్లో వారికి ప్రీమియం తక్కువ. అంటే టర్మ్ బీమా స్త్రీలకు చౌక, యాన్యుటీలో వారికి కోత లేదు. సొంత సంపాదన ఉన్న ఆడవాళ్లు ఈ సౌలభ్యాన్ని గుర్తించి, తమ సొమ్ముతో తమ పేరునే యాన్యుటీ కొనుక్కునే సంగతి తప్పక ఆలోచించాలి. భర్త సొమ్ముతో భార్య పేరున కొంటే ఆ ఆదాయాన్ని పన్ను లెక్కలో భర్త ఆదాయంతో కలుపుతారు. ఏ విధంగా తీసుకున్నా పెన్షన్ మొత్తం మీద శ్లాబును బట్టి ఆదాయపు పన్ను ఉంటుంది.

ఇక లోపం. అది చిన్నది కాదు. జాయింట్ ఆప్షన్లలో పెన్షన్ ఎప్పటికీ పెరగదు. ధరలు ఏడాదికి ఆరు శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్లలో రూపాయి విలువ సగమవుతుంది, ఇరవై నాలుగేళ్లలో పావలా అవుతుంది. ఈ రోజు నెలకు పదివేలతో మొదలైన పెన్షన్ భార్యకు ఎనభయ్యో ఏడు వచ్చేసరికి ఇప్పటి రెండున్నర వేల పాటి అవుతుంది. ఏటా మూడు శాతం చొప్పున పెరిగే ఆప్షన్ జి ఈ పథకంలో ఉంది. అయితే అది ఒక్కరి పేరునే దొరుకుతుంది, పెరుగుదల కూడా మొదటి పెన్షన్ మీదనే లెక్కిస్తారు. ధరల భారం ఎక్కువగా పడేది చివరిదాకా మిగిలే మనిషి మీద. ఆ మనిషి కోసమే ఉద్దేశించిన జాయింట్ ఆప్షన్లలో పెరుగుదల లేకపోవడం ఈ పథకం రూపకల్పనలోని పెద్ద వెలితిగా నేను భావిస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో ఎల్‌ఐసీ స్మార్ట్ పెన్షన్ పేరుతో మరిన్ని ఆప్షన్లున్న పథకం తెచ్చింది కనుక, కొత్తగా చేరేవారు రెండింటి పత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం మంచిది.

ఈ కారణంగానే ఉన్న సొమ్మంతా ఇందులో పెట్టకూడదు. భార్య ఒక్కతే ఉన్నా బియ్యం, మందులు, కరెంటు, అద్దె గడిచే మొత్తం ఎంతో లెక్కగట్టి, అంతవరకే యాన్యుటీలో పెట్టి, మిగతాది పెంచుకునే, తీసుకునే వీలున్న చోట ఉంచాలి. పోస్టాఫీసులో, బ్యాంకుల్లో ఉన్న సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 2023 ఏప్రిల్ నుంచి ముప్పై లక్షల వరకు పెట్టవచ్చు, భార్యాభర్తలు జాయింటుగా తీసుకోవచ్చు. దాని వడ్డీ ఆప్షన్ జె రేటు కంటే ఎక్కువగానే ఉంటోంది. కాని అది అయిదేళ్ల పథకం. గడువు తీరాక అప్పటి రేటుకే కొనసాగాలి. ఒకదానిలో రేటు జీవితాంతం ఖాయం, మరొకదానిలో ఇప్పటి రాబడి ఎక్కువ. రెండూ కొంత కొంత ఉండటమే మాకు తగినదిగా తోచింది.

ఉద్యోగుల పెన్షన్ పథకం ఉందిగా, ఇది దేనికి అనేవారికి ఒక్క మాట. 1995 నాటి ఆ పథకంలో జీతం పరిమితి 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయలు. జీతాన్ని సర్వీసు కాలంతో గుణించి 70తో భాగించే ఆ సూత్రం ప్రకారం చాలామందికి పెన్షన్ నెలకు 7,500 దాటదు. రిటైరైన భర్త పోయాక భార్యకు అందులో సగం.

చేరే ప్రక్రియలో ఆడవాళ్లు గమనించవలసినవి రెండున్నాయి. మొదటిది పేరు. పెళ్లితో ఇంటిపేరు మారడం వల్ల బడి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరం మాత్రమే ఉండటం మన దగ్గర మామూలు. భర్త పోయాక పెన్షన్ తన పేరుకు మార్చుకోవలసిన రోజున ఈ తేడాలన్నీ అడ్డం వస్తాయి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా మూడింటిలోనూ పేరు ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకోవాలి. పెన్షన్ జమ కావడానికి ఆమెకు విడిగా సొంత ఖాతా ఉండాలి. రెండవది వయసు. జాయింట్ ఆప్షన్‌లో రెండవవారి వయసు కూడా రేటును నిర్ణయిస్తుంది. మా వయసు స్త్రీలలో పుట్టినతేదీ ఉజ్జాయింపుగా రాయించినవారు ఎందరో ఉన్నారు. ఏ పత్రంలోని తేదీని ఇస్తామో అదే అన్నిచోట్లా ఉండాలి. పాలసీ పత్రం అందిన తరువాత నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇవ్వవచ్చు. ఆ గడువు దాటాక ఆప్షన్ మార్చుకునే వీలు లేదు. మూడు నెలల తరువాత అప్పు తీసుకునే వీలు, సరెండర్ చేసే (పాలసీ వదులుకుని సొమ్ము వెనక్కి తీసుకునే) వీలు ఉన్నవి ఎఫ్, జె మాత్రమే. అనారోగ్యం ముంచుకొచ్చే వయసులో అది కూడా జెకు అనుకూలమైన అంశమే.

ఇవన్నీ మాట్లాడుకోవడమే మన ఇళ్లలో కష్టం. పసుపు కుంకుమలతో వెళ్లిపోవాలని కోరుకునే ఆడవాళ్ల ఎదుట, ఆయన పోయాక నీకెంత అన్న మాట ఎత్తడం అశుభంగా తోస్తుంది. అందుకే భర్తే ఈ మాట ముందు ఎత్తాలని, సంతకం చేసే రోజున భార్యను వెంట తీసుకువెళ్లాలని నేను కోరుతున్నాను. పాలసీ నంబరు, శాఖ చిరునామా, మరణ ధ్రువపత్రంతో పాటు ఇవ్వవలసిన కాగితాల వివరాలు ఆమె చేతిరాతతో ఆమె దగ్గరే ఉండాలి. ఇప్పటికే భర్తను కోల్పోయినవారు, పెళ్లి చేసుకోనివారు జాయింట్ ఆప్షన్లు తమకు పనికిరావనుకోనక్కరలేదు. ఈ పథకంలో తల్లి, కూతురు కలిసి తీసుకోవచ్చు, అక్కాచెల్లెళ్లు కలిసి తీసుకోవచ్చు. రెండవవారి వయసు చిన్నదైన కొద్దీ నెలవారీ మొత్తం తగ్గుతుంది కాబట్టి, వయసులో దగ్గరగా ఉండి ఒకే ఇంట్లో ఒకరికొకరు ఆసరాగా బతుకుతున్న అక్కాచెల్లెళ్లకు ఇది ముఖ్యంగా సరిపోతుంది.